లీటరు డీజిలూ, అమ్రాబాదు ఘాటూ

మైళ్ళు పోయి చాలా కాలమైంది. 1956 లో మెట్రిక్ కొలతల చట్టం వచ్చింది. ఆ తరువాత కొన్నేళ్ళకే రోడ్ల పక్కనున్న మైలురాళ్ళు కిలోమీటరు రాళ్ళయిపోయాయి. గాలన్లు కూడా పోయి లీటర్లు వచ్చాయి. అన్నీ పోయినా "మైలేజీ" అన్న మాట మాత్రం పోలేదు. కిలోమీటర్లలో నడిచి లీటర్లలో తాగే బండికి కూడా "మైలేజీ ఎంతిస్తుంది?" అనే అడుగుతాం. భాష అంతే. వస్తువు పోయినా పేరు వదలదు. మా తెలంగాణలో చిన్న లారీని ఇప్పటికీ "డీసీఎం" అంటారు. 1980 లలో డి.సి.ఎం. టయోటా అనే కంపెనీ అటువంటి లారీలు చేసింది. ఆ కంపెనీ పేరుతో బండ్లు రావడం ఎప్పుడో ఆగిపోయినా, మా జనం నోట డీసీఎం బతికే ఉంది.

తెలుగు పాఠం చెప్పుకునేవాడికి ఈ మైలేజీ గొడవ ఎందుకంటారేమో! మా అక్క కొడుక్కి ఒక పికప్ బండి ఉంది. అప్పు చేసి కొన్నాడు. నెలనెలా వాయిదా కట్టాలి. అమ్రాబాదు చుట్టుపక్కల పల్లెల్లో వేరుసెనగ కాయలూ, పత్తీ ఎక్కించుకుని అచ్చంపేటలో దింపుతాడు. అక్కడి నుంచి ఎరువులో, సిమెంటో దొరికితే తెస్తాడు. లేకపోతే ఖాళీగా ఎక్కి వస్తాడు. అప్పుడప్పుడు అడవి దాటి దోమలపెంట దాకా సరుకు తీసుకుపోతాడు. కిరాయి ఎంతో ముందే ఖాయమై ఉంటుంది, వాయిదా ఎంతో కూడా ఖాయమే. మధ్యన పెరిగేదీ తరిగేదీ ఒక్క డీజిలే. అతని లాభమూ నష్టమూ ఆ ట్యాంకులోనే ఉన్నాయన్నమాట.

లెక్క చూడండి. బండి నెలకు 3000 కిలోమీటర్లు తిరుగుతుందనుకుందాం. లీటరుకు 11 కిలోమీటర్లు వస్తే 273 లీటర్లు కావాలి. 13 వస్తే 231 లీటర్లు చాలు. తేడా 42 లీటర్లు. 2024 లో హైదరాబాదులో లీటరు డీజిలు 95 రూపాయలు దాటి ఉంది. ఆ ధరకట్టి చూస్తే నెలకు నాలుగువేల రూపాయలు. పల్లెటూరి సంసారంలో నాలుగువేలంటే పిల్లల చదువు ఖర్చు.

అంచేత వాడు డీజిలు మిగల్చాలనుకోవడంలో తప్పేమీ లేదు. తప్పల్లా వాడు మిగిల్చే పద్ధతిలో ఉంది. మన్ననూరు ఘాటు దిగేటప్పుడు గేరు తీసేసి, బండిని న్యూట్రల్లో వదిలేస్తాడు.

"దిగుడుల డీజిలెందుకు కాల్చాలె మామా? న్యూట్రల్ వేస్తే బండి దానంతట అదే పోతది" అన్నాడు.

ఇది మా వాడొక్కడి మాట కాదు. ఘాట్లెక్కి దిగే పదిమంది డ్రైవర్లను అడిగితే, అందులో కొందరైనా ఇదే చెబుతారు. గురువు నుంచి శిష్యుడికి పరంపరగా వస్తున్న విద్య ఇది. అందుకని వాణ్ణి కోప్పడి లాభం లేదు. లెక్క చెప్పి ఒప్పించాలి. ఆ లెక్క చెప్పడానికి ముందు అసలు డీజిలు ఎక్కడెక్కడికి పోతుందో తెలియాలి.

డీజిలు ఇంజను కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిల్ జర్మన్. 1892 లో దానికి పేటెంటు పుచ్చుకున్నాడు. 1897 కల్లా ఆగ్స్‌బర్గ్ పట్టణంలో చక్కగా నడిచే ఇంజను తయారైంది. 1900 లో పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఒక చిన్న డీజిలు ఇంజనును వేరుసెనగ నూనెతో నడిపి చూపించారు. పాలమూరు రైతుకు ఈ సంగతి చెబితే మీసం మెలివేస్తాడు! మా నేల మీద పండే పంటతోనే ఆ ఇంజను ఒకనాడు నడిచిందన్నమాట. ఇంతకీ, లీటరు డీజిల్లో ఉన్న శక్తి అంతా చక్రాలకు చేరదు. మూడోవంతు చేరితే గొప్ప. మిగిలిందంతా వేడిగా మారి రేడియేటరు గుండానూ, పొగగొట్టం గుండానూ పోతుంది. అది ఇంజను చేసినవాడి చేతిలో ఉన్న సంగతి. చక్రాలకు చేరిన ఆ మూడోవంతునైనా మనం ఎలా ఖర్చు పెడుతున్నామన్నదే డ్రైవరు చేతిలో ఉంది.

ఆ ఖర్చు నాలుగు విధాలు. గాలిని చీల్చుకుని పోవడానికి కొంత, టైర్లు రోడ్డు మీద దొర్లడానికి కొంత, గుట్ట ఎక్కడానికి కొంత, బ్రేకుల్లో తగలబెట్టడానికి మిగిలింది. మొదటి మూడూ పనికి వచ్చే ఖర్చులు. నాలుగోది దండుగ.

మనకొక సామెత ఉంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? డ్రైవింగుకు ఇంతకన్న మంచి సూత్రం నాకు కనిపించలేదు. ముందర గతుకు కనిపిస్తూంటే ఎక్సిలేటరు తొక్కనేల, దగ్గరికి పోయి బ్రేకు తొక్కనేల? సరుకుతో కలిపి మూడు టన్నులుండే బండి గంటకు 60 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి, ఆ వేగం కూడబెట్టుకోవడానికే 40 మిల్లీలీటర్ల దరిదాపు డీజిలు కావాలి. బ్రేకు తొక్కి ఆపామంటే అదంతా వేడిగా మారిపోతుంది. హోటల్లో ఇచ్చే చిన్న గ్లాసులో సగం టీ ఎంతో అంత! అట్లా ఇరవైసార్లు ఆపి లేపితే ముప్పావు లీటరు పైమాటే. అదే బండి 40 వేగంలో ఉండగా ఆగితే నష్టం సగం కన్న తక్కువ. ముందుచూపు ఉన్న డ్రైవరు, మలుపు రెండు వందల గజాలుండగానే కాలు తీసేస్తాడు. బండి తనంతట తాను నెమ్మదిస్తుంది. పూర్వం ఎడ్లబండి తోలేవాళ్ళకు ఈ విద్య పుట్టుకతో వచ్చేది. ఎడ్లను ఉరికించి, మళ్ళీ పగ్గం పట్టి లాగడం మొరటువాడి పని అనేవారు.

గాలి సంగతి ఇంకో రకం. వేగం రెట్టింపైతే గాలి ఎదురుదెబ్బ నాలుగింతలవుతుంది. పైగా పికప్ బండి ముక్కు మొండిది. మన దేశంలో పెట్రోలియం పొదుపు కోసం 1978 లో ఏర్పడిన పి.సి.ఆర్.ఏ. అనే సంస్థ, గంటకు 45 నుంచి 55 కిలోమీటర్ల వేగంలో నడపమని డ్రైవర్లకు ఏళ్ళ తరబడి చెబుతూ వస్తూంది. మా అడవి దారిలో ఈ సలహాకు అవసరం మరీ ఎక్కువ. మన్ననూరు దాటి శ్రీశైలం వైపు పోయే రోడ్డు అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోంచి పోతుంది. రాత్రి తొమ్మిదింటికి మన్ననూరు చెక్‌పోస్టు గేటు వేస్తే, మళ్ళీ తెల్లవారి ఆరింటికే తీస్తారు. అడవి జంతువులు నిర్భయంగా రోడ్డు దాటాలని ఈ కట్టడి. మంచి కట్టడే. కాని దీనివల్ల మా వాడిలాంటివాళ్ళు దోమలపెంటలో ఎనిమిదింటిదాకా కాలక్షేపం చేసి, తొమ్మిదింటి గేటును అందుకోవాలని బండిని ఉరికిస్తారు. ఆ దూరం అరవై కిలోమీటర్ల దరిదాపు. 60 వేగంతో వస్తే గంట, 45 వేగంతో వస్తే గంటా ఇరవై నిముషాలు. అంటే, ఇరవై నిముషాలు ముందు బయలుదేరితే డీజిలూ మిగులుతుంది, రోడ్డు దాటే దుప్పీ మిగులుతుంది.

ఇక ఘాటు లెక్కకు వద్దాం. మూడు టన్నుల బండిని నిటారుగా నూరు మీటర్లు పైకి ఎక్కించాలంటే, ఇంజను నష్టాలన్నీ కలుపుకుని పావు లీటరుకు కొంచెం పైగా డీజిలు అవుతుంది. ఎన్ని నూర్ల మీటర్ల ఎత్తు ఎక్కుతారో, అన్ని పావు లీటర్లు కట్టుకోండి. దీన్ని తప్పించుకునే మార్గం లేదు. బరువు తగ్గించడమొక్కటే మార్గం. బండిలో అక్కర్లేని సామాను ఎంత ఉంటుందో ఎప్పుడైనా చూశారా? తడిసిన టార్పాలిను, పనికిరాని రెండో స్టెప్నీ, ఎవరివో నాలుగు ఇటుకలు, ఎప్పటివో ఇనుప గొలుసులు. మా నల్లమల చెంచుల సంగతి చూడండి. 1940 లో హైమెండార్ఫ్ అనే ఆస్ట్రియా పండితుడు ఈ అమ్రాబాద్ పీఠభూమి మీద చెంచుల మధ్య తిరిగి, 1943 లో వారి మీద పెద్ద గ్రంథం అచ్చువేశాడు. అడవిలో చోటు మార్చుకుంటూ బతికేవాళ్ళు మోయగలిగినంతే దగ్గర ఉంచుకునేవాళ్ళు. మోత బరువు ఎంత ప్రియమో గుట్ట ఎక్కేవాడికి తెలిసినంతగా మరెవరికి తెలుస్తుంది?

ఎక్కేటప్పుడు పెట్టిన ఖర్చును దిగేటప్పుడు తిరిగి రాబట్టుకుందామన్నది మా వాడి ఆశ. "న్యూట్రల్ వేస్తే డీజిలు కాలదు గద!" అంటాడు. కాలుతుంది. న్యూట్రల్లో ఇంజను ఆగకుండా ఉండాలంటే దానికి డీజిలు కావాలి గదా! నిలబడి గురగురలాడే ఆ పరిమాణపు ఇంజను గంటకు అర లీటరుకు అటూ ఇటూగా తాగుతుంది. అదే గేరులో ఉంచి, ఎక్సిలేటరు మీది కాలు పూర్తిగా తీసేస్తే ఏమవుతుంది? చక్రాలే ఇంజనును తిప్పుతాయి. తిరగడానికి దానికి డీజిలు అక్కర్లేదు. ఇప్పటి ఇంజన్లలోని యంత్రపు మెదడు ఆ క్షణంలో డీజిలు చుక్క కూడా పోకుండా కట్టేస్తుంది. పాతకాలపు పంపు ఇంజన్లలో కూడా గవర్నరు అనే అమరిక ఇదే పని చేసేది. అంటే దిగుడులో గేరులో ఉన్న బండికి ఖర్చు సున్న, న్యూట్రల్లో ఉన్నదానికే ఖర్చు. మిగులుతుందనుకున్నచోటే పోతూంది!

సరే, ఇరవై నిముషాల దిగుడులో పోయేది రెండు వందల మిల్లీలీటర్ల లోపే. ఇరవై రూపాయలు చేయదు. అది పోతే పోయిందిలే అనుకోవచ్చు. ప్రాణం సంగతి అట్లా అనుకోలేం. మూడు టన్నుల బండి నూరు మీటర్లు దిగిందంటే, ఆ దిగుడులో పుట్టే శక్తి తొమ్మిది లీటర్ల చన్నీళ్ళను మరిగించగలదు. గేరులో ఉంటే ఆ భారంలో చాలా భాగం ఇంజను మోస్తుంది. న్యూట్రల్లో ఉంటే భారమంతా నాలుగు బ్రేకుల మీదనే పడుతుంది. నూరు మీటర్లకు తొమ్మిది లీటర్లు మరిగించే వేడి! బ్రేకులు కాగి కాగి ఒక దశలో పట్టు వదిలేస్తాయి. పెడలు తొక్కితే కాలు లోపలికి పోతుందే గాని బండి ఆగదు. అప్పుడు గేరు వేద్దామన్నా ఆ వేగంలో పడదు. మరికొందరు మహానుభావులు ఇంజనునే ఆపేసి దిగుతారు. ఇంజను ఆగితే బ్రేకుకు తోడ్పడే వాక్యూము, రెండు మూడుసార్లు తొక్కేసరికి అయిపోతుంది. స్టీరింగు రాయిలా బిగుసుకుంటుంది. తాళంచెవి కూడా లాగేస్తే స్టీరింగు తాళం పడిపోయి, మలుపులో బండి తిరగనే తిరగదు.

ఘాట్ల మీద అనుభవమున్న పాత డ్రైవర్లు ఒక మాట చెబుతారు. ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు. ఇంతకు మించిన శాస్త్రం లేదు.

2018 సెప్టెంబరు 11 న జగిత్యాల జిల్లా కొండగట్టు ఘాటులో ఆర్టీసీ బస్సు లోయలో పడి అరవై మందికి పైగా చనిపోయారు. సీట్లకు ఎంతో మించి జనం ఎక్కిన బస్సది. ఆ ఘోరాన్ని తలుచుకుంటే ఈనాటికీ నోట మాట రాదు. దానికి కారణాలు తేల్చడం ఈ పేజీ పని కాదు. కాని దిగుడు దారిలో బరువు మించిన బండి ఎంతటి ప్రమాదమో తెలుగువాళ్ళకు అంతకన్న పెద్ద పాఠం అక్కర్లేదు.

ఆర్టీసీ పేరు వచ్చింది గనుక ఒక మంచిమాట కూడా చెప్పుకోవాలి. నిజాం రైల్వే వారి రోడ్డు రవాణా శాఖగా 1932 లో 27 బస్సులతో మొదలైన సంస్థ అది. ఆ డిపోల్లో డ్రైవర్ల వారీగా లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వచ్చాయో లెక్క రాస్తారు. "కె.ఎం.పి.ఎల్." అన్న ఆ నాలుగక్షరాలు తెలియని ఆర్టీసీ డ్రైవరుండడు. లెక్క రాయడంలోనే సగం పొదుపు ఉంది. మా వాడికి నేను చెప్పిన మొదటి పని కూడా అదే. బంకులో ట్యాంకు నిండుగా కొట్టించి, మీటరు రీడింగు రాసుకో. మళ్ళీ నిండుగా కొట్టించినప్పుడు ఎన్ని లీటర్లు పట్టిందో, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో రాసి భాగించు. ఒక్కసారి చూసి నమ్మకు. నాలుగైదుసార్లు రాస్తే నిజం బయటపడుతుంది. పక్కన లోడెంతో, ఏ దారో కూడా రాయి. రెండు వందల పేజీల నోటుబుక్కు, కలము బండిలోనే పెట్టించాను.

ఈ లెక్కలో ఒక మాయ ఉంది. దాన్ని 2008 లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం ఆచార్యులు ఇద్దరు బయటపెట్టారు. లీటరుకు 14 ఇచ్చే బండిని 16 ఇచ్చేట్టు చేయడమూ, 8 ఇచ్చేదాన్ని 10 ఇచ్చేట్టు చేయడమూ ఒకటే అనుకుంటాం. రెండింటిలోనూ పెరిగింది రెండే గదా! కాదు. నూరు కిలోమీటర్లకు మొదటిదానిలో మిగిలేది 0.9 లీటరు, రెండోదానిలో మిగిలేది రెండున్నర లీటర్లు. అంటే ఎక్కడ మైలేజీ అన్యాయంగా ఉందో అక్కడే మరమ్మతు చేయాలి. మా వాడి పుస్తకంలో అన్యాయమంతా నిండు లోడుతో ఘాటెక్కిన రోజుల్లోనూ, ఖాళీగా తిరిగి వచ్చిన రోజుల్లోనూ కనిపించింది. ఖాళీ బండి లీటరుకు ఎక్కువ కిలోమీటర్లే ఇస్తుంది, నిజమే. కాని ఆ కిలోమీటర్లకు కిరాయి ఇచ్చేదెవరు? అచ్చంపేటలో గంటసేపు ఆగి ఒక దుకాణదారు సరుకు ఖాయం చేసుకుంటే, ఎన్ని చిట్కాలు కలిసినా అంత లాభం రాదు.

మిగిలిన చిట్కాలు చిన్నవే గాని ఖర్చు లేనివి. టైర్లలో గాలి వారం వారం చూపించాలి. బండి నడవక ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే చూపించాలి. నాలుగు టైర్లలోనూ పది పాయింట్లు తక్కువైతే నూటికి రెండు వంతుల ఇంధనం దండుగ. టైరు అరిగిపోవడం వేరే నష్టం. ప్రయాణం చేసి దిగాక చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూడాలి. మూడు చల్లగా ఉండి ఒకటి కాలుతూంటే అక్కడ బ్రేకు పట్టేసి ఉందన్నమాట. ఎడ్లబండి రోజుల్లో ఇరుసుకు కందెన తగ్గితే చెవికి వినిపించేది. ఇప్పుడు వినిపించదు, చేత్తో తెలుసుకోవాలి. నల్లపొగ వస్తూంటే కాలని డీజిలు బయటికి పోతూందని అర్థం. వెంటనే మెకానిక్కుకు చూపించాలి. టీ తాగేటప్పుడు ఇంజను ఆపాలి. క్లచ్చి మీద కాలు విశ్రాంతికి పెట్టకూడదు. వెనక తలుపు తెరిచి పోతే గాలి తగ్గుతుందంటారు కొందరు. మూసి ఉంచడమే మేలు.

ఇక మందులూ మాయలూ ఉన్నాయి. ట్యాంకులో బిళ్ళ వేస్తే మైలేజీ పెరుగుతుందనీ, డీజిలు గొట్టానికి అయస్కాంతం కడితే పెరుగుతుందనీ చెప్పి అమ్మేవాళ్ళున్నారు. అమెరికా ప్రభుత్వపు పర్యావరణ సంస్థ ఇటువంటివి వందకు పైగా పరీక్షించింది. చెప్పుకోదగ్గ పొదుపు చేసినది ఒక్కటీ దొరకలేదు. ఒకప్పుడు రేషను నీలి కిరసనాయిలును డీజిల్లో కలిపేవాళ్ళు కూడా ఉండేవారు. కిరసనాయిలుకు జిడ్డు తక్కువ. పంపు అరిగి, మిగిలిన దానికి పదింతలు మెకానిక్కుకు ఇచ్చుకోవలసి వచ్చేది.

ఇన్నీ చెప్పాక మా వాడు పుస్తకం తెరిచి చూపించాడు. న్యూట్రల్లో దిగిన వారానికీ, గేరులో దిగిన వారానికీ డీజిల్లో పెద్ద తేడా ఏమీ లేదు.

"తేడా ఏం లేదు గద మామా!" అన్నాడు, నన్ను ఓడించినట్టు.

"అదేరా నేను చెప్పేది! తేడా లేనిదానికి ప్రాణం ఎందుకు పణం పెడుతున్నావు?" అన్నాను.

వాడు మాట్లాడలేదు. పక్కనే వడ్లు చెరుగుతున్న మా అక్క చేట కింద పెట్టి, కొడుకు ముఖం కేసి చూసింది. నా లెక్కలన్నిటికన్నా ఆ చూపే ఎక్కువ పనిచేసిందని నా నమ్మకం.

పాఠకుల్లో బండ్లున్నవారూ, బండ్లు నడిపే కొడుకులూ అన్నదమ్ములూ ఉన్నవారూ చాలామంది ఉంటారు. మైలేజీ పెంచుకోండి, తప్పకుండా పెంచుకోండి. నెలకు నాలుగువేలు ఎవరికి చేదు? కాని పొదుపు చేయవలసిన చోట్లు వేరే ఉన్నాయి. తొందరలో, బరువులో, బ్రేకులో, ఖాళీ తిరుగుడులో ఉన్నాయి. దిగుడులో మాత్రం గేరు తీయకండి.